పుస్తకంలో లేని దెబ్బ

"ఆ వేలు విరగ్గొట్టింది మీ క్లబ్బు. విరిగిన వేలితో ఇంకో ఐదు ఇన్నింగ్సులు నిలబెట్టింది మీ క్లబ్బు. ఇప్పుడు నా వంటింట్లో, నా కుర్చీలో కూర్చుని, అసలు దెబ్బే తగల్లేదంటారా?"

హనోరా ఆ మాట అన్నప్పుడు కూడా మేనేజర్ స్ట్రౌడ్ నెత్తిమీది టోపీ తియ్యలేదు. మా వీధికొచ్చే పెద్దమనుషులు టోపీలు తియ్యరు. గుమ్మం దగ్గర తల వంచుతారు. అది మర్యాద అనుకోకండి, మా గుమ్మాలు పొట్టివి.

భోజనాల గంట కొట్టగానే లాండ్రీ నుంచి పరుగున వచ్చింది ఆమె. ముప్పావుగంటలో మళ్లీ ఇస్త్రీ బల్ల ముందుండాలి. చొక్కా కాలర్లకు పట్టించే గంజి మోచేతుల మీద ఎండి పొలుసులు కట్టింది. పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడికి పగిలిపోతున్నాయి. దించే తీరిక ఎవరికీ లేదు.

బల్లకు అవతల ఆమె మొగుడు మలాకీ డూలన్ కూర్చున్నాడు. ట్రాయ్ ఊరి బేస్‌బాల్ క్లబ్బుకు ఆరేళ్లుగా క్యాచర్, బ్యాటు వెనక నిలబడి బంతి ఆపేవాడు. కుడిచెయ్యి బల్ల మీద పెట్టి, అదెవరిదో అన్నట్టు చూస్తున్నాడు. ఉంగరం వేలు కణుపు దగ్గర చీలి ఎముక బయటపడింది పోయిన శనివారం. ఇవాళ గురువారం. డాక్టరు చెక్క బద్దలు రెండు పెట్టి కట్టిన గుడ్డ పచ్చగా తడిసి వాసనేస్తోంది.

స్ట్రౌడ్ గొంతు పెంచలేదు. వాడికా అవసరం లేదు. ఎల్లుండి శనివారం బఫెలో జట్టుతో ఆట ఉందన్నాడు. రెండో క్యాచర్ బొటనవేలు చీలి జూలైలోనే ఇంటికి పోయాడన్నాడు. మలాకీ వచ్చి నిలబడాలన్నాడు. నిలబడకపోతే "ఆట ఎగ్గొట్టినవాడు" అని పేరు రాసి దేశంలో ఉన్న క్లబ్బులన్నిటికీ పంపిస్తామన్నాడు.

ఆ జాబితాకెక్కినవాణ్ణి ఏ క్లబ్బూ గుమ్మం తొక్కనివ్వదు. పోనీ ముందే ఇంకో క్లబ్బుకు వెళ్లిపోదామా అంటే, అదీ కుదరదు. యజమానులందరూ ఒక గదిలో కూర్చుని, ఈ మనిషి నాది, ఆ మనిషి నీది అని పంచుకున్నారు. సంతలో పశువునైనా కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. వీళ్లు అదీ చూడరు. పేరు రాసుకుంటే చాలు, చచ్చేదాకా వాళ్లదే.

"ఆటలో తగిలిన దెబ్బయితే జట్టులోంచి పేరు తియ్యడానికి వీల్లేదని మీ ఒప్పందం కాగితంలోనే ఉంది. నయమయ్యేదాకా ఉంచుకోవాలని ఉంది. నేను చదివాను," అంది హనోరా.

"బాగా చదివావమ్మా. ఆటలో తగిలిన దెబ్బయితే. ఆట పుస్తకంలో ఎక్కడుందో చూపించు మరి."

వాడు కోటులోంచి ఆట పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. పోయిన శనివారం పేజీ. ఎవడెన్ని కొట్టాడో, ఎవడెక్కడ తప్పు చేశాడో, మనిషి మారితే ఏ ఇన్నింగ్సులో మారాడో, అన్నీ అందులో ఉన్నాయి. డూలన్ పేరు ఎదురుగా రెండు తప్పులున్నాయి. దెబ్బ అన్న మాట లేదు.

"మనిషికి దెబ్బ తగిలితే ఆట మధ్యలో ఇంకొకణ్ణి దింపుకోవచ్చు. అది రూలు. ముందు అవతలి కెప్టెన్ వచ్చి దెబ్బ చూడాలి, సరే అనాలి. అదీ రూలే," అన్నాడు స్ట్రౌడ్. "ఆ రోజు అంపైర్ ఆట ఆపాడు. అవతలి కెప్టెన్ తనంతట తనే నడిచొచ్చాడు. చెయ్యి చూపించమన్నాడు. నీ మొగుడు ఏమన్నాడో నన్నెందుకు అడగడం, పక్కనే ఉన్నాడుగా."

హనోరా మొగుడి వైపు తిరిగింది.

మలాకీ ఎడమచెయ్యి కట్టు మీద కప్పాడు.

పొయ్యి మీద నీళ్లు పొంగి నిప్పుల మీద చుంయ్‌మన్నాయి. ఐదు రోజులుగా ఆమె ఆ చెయ్యి కడిగింది, కట్టు మార్చింది, గిన్నె పట్టుకుని పసివాడికి తినిపించినట్టు తినిపించింది. ఈ ఒక్క సంగతి అతను ఆమెకు చెప్పలేదు.

"ఏమన్నావు?" అంది.

సమాధానం ఇచ్చింది అతను కాదు, మూలన కిటికీ దగ్గర పొగాకు నములుతున్న అతని తండ్రి. ముసలి డూలన్ నలభై ఏళ్లు ఇనుప పోత కార్ఖానాలో పనిచేసినవాడు.

"ఏమంటాడు? ఏమీ లేదన్నాడు. పిడికిలి బిగించి నవ్వాడు. క్యాచర్ అన్నవాడు చెయ్యి చూపిస్తాడా ఎక్కడైనా?"

ముసలాయన గొంతులో గర్వం. అది విని స్ట్రౌడ్ చిన్నగా నవ్వాడు. అదీ నాకు ఒళ్లు మండే సంగతి. మన గర్వం చూసి వాళ్లు నవ్వుకుంటారు, దాన్నే తాడు చేసి మన మెడకు వేస్తారు.

ఆ రోజు మైదానంలో, చూడ్డానికొచ్చిన జనంలో, నేనూ ఉన్నాను. జరిగింది ఇదీ.

ఈ ఏడాది రూలు మార్చారు. బంతి వేసేవాడు ఇదివరకు చెయ్యి భుజం కిందే ఉంచాలి. ఇప్పుడు పైకెత్తి ఎంత బలంగానైనా విసరొచ్చు. మార్చినవాళ్లలో ఒక్కడైనా బ్యాటు వెనక నిలబడ్డవాడు లేడు. మా జట్టులో విసిరేది లూథర్ బెయిన్, ఆరడుగుల మనిషి. ఆ బంతిని వెనక నిలబడి ఆపేది మలాకీ. మొహానికి తీగ ముసుగు, చేతికి వేళ్లు కత్తిరించిన పల్చటి తోలు తొడుగు, దాని లోపల అరచేతికి ఓ పచ్చి మాంసం ముక్క. అంతే కవచం.

మిగతా క్యాచర్లు పదడుగులు వెనక్కి నిలబడి, బంతి నేలమీద పడి లేచాక పట్టుకుంటారు. మలాకీ బ్యాటు కిందే నిలబడతాడు, తన ఊపిరి కొట్టేవాడి మెడకు తగిలేంత దగ్గర. అతను అక్కడున్నాడంటే మొదటి మూల నుంచి రెండో మూలకు దొంగతనంగా పరిగెత్తేవాడికి గుండె చాలదు, వాడికంటే ముందే బంతిని అక్కడికి విసిరేస్తాడు. ఆరేళ్లలో ఎంతమంది పరిగెత్తకుండా ఆగిపోయారో ఎవడైనా రాశాడా? పరిగెత్తనివాణ్ణి ఏ పత్రికా రాయదు. చేతి కిందనుంచి జారిన బంతిని మాత్రం ప్రతిదీ రాస్తారు.

ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు. నాలుగోదాంట్లో కొట్టేవాడి బ్యాటు అంచు తగిలి బంతి దారి మారింది. వేలి మొనకు నేరుగా కొట్టింది. మలాకీ మోకాళ్ల మీద కూలాడు. లేచేలోపు చేసిన మొదటి పని, చెయ్యి మట్టిలో దూర్చడం. రక్తం ఆగడానికనుకునేరు. కనపడకుండా ఉండటానికి.

క్యాచర్లందరూ చేసే పని అదే. చెయ్యి చెడిందని అవతలివాళ్లకు తెలిసిందా, ఆ క్షణం నుంచి వాళ్లు ప్రతి బంతికీ పరిగెడతారు. అందుకని చూపించరు. మొదట్లో అది తెలివి. తర్వాత అలవాటు. ఆ తర్వాత మగతనం అని పేరు పెట్టుకున్నారు. ఆ రోజు అవతలి కెప్టెన్ మంచివాడు. నిజంగా తగిలితే మనిషిని మార్చుకోండి, నేను అడ్డుచెప్పను అన్నాడు. విరిగిన వేలితో పిడికిలి బిగించి, "నీ బ్యాటుకు దెబ్బ తగిలుంటే చూసుకో పో," అన్నాడు మా మలాకీ. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సిగ్గుపడుతున్నాను.

ఐదు ఇన్నింగ్సులు. ఒక్కడు కూడా పరిగెత్తలేదు. ఒక్క పరుగుతో గెలిచాం. మర్నాడు పత్రికలో డూలన్ రెండు బంతులు వదిలేశాడని రాశారు.

మామగారి నోట ఆ మాట విని హనోరా మొగుణ్ణి వదిలేసింది. ముసలాయన వైపు తిరిగింది.

"ఈ రోగం మీరు అంటించింది మామయ్యా. బూటులో కరిగిన ఇనుము పడితే పోత గరిటె దించకుండా నిలబడ్డానని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతారు. ఆ కాలు చూపించండి ఓసారి ఈ దొరగారికి. అప్పట్నుంచీ కుంటుతూనే ఉన్నారు. ఆ కార్ఖానా మిమ్మల్ని ఒక్క ఉత్తరమైనా రాసి అడిగిందా, కాలెలా ఉందని?"

ముసలాయన కాలు వెనక్కి లాక్కున్నాడు. పొగాకు రసం మింగేశాడు.

స్ట్రౌడ్ లేచాడు. రేపు మధ్యాహ్నంలోపు మాట చెప్పమన్నాడు. గుమ్మం దాకా వెళ్లి, అప్పుడే గుర్తొచ్చినట్టు, హనోరా పనిచేసే లాండ్రీ యజమాని కూడా క్లబ్బు డైరెక్టర్లలో ఒకడని చెప్పాడు. బెదిరింపులాగా చెప్పలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

"అంటే మా ఇద్దరి చేతులూ ఒకడే తింటున్నాడన్నమాట," అంది హనోరా. "చెప్పినందుకు సంతోషం. ఇన్నాళ్లూ ఇద్దరనుకున్నాను. పుస్తకం మర్చిపోకండి."

వాడు పుస్తకం చంకలో పెట్టుకుని తల వంచి వెళ్లిపోయాడు.

అప్పుడు మొదలైంది అసలు పోట్లాట. గొంతులు లేవని పోట్లాట. మా వీధిలో గోడలు పల్చన, కేకలేస్తే అందరికీ వినపడుతుంది, అందుకని మొగుడూపెళ్లాలు పళ్లు బిగించి పోట్లాడుకుంటారు.

శనివారం వెళ్తానన్నాడు మలాకీ. వెనక్కి, కంచె దగ్గర నిలబడతానన్నాడు. బంతి లేచొచ్చాక ఎడమచేత్తో ఆపుతానన్నాడు. హనోరా ఉడికిన దుంపలు దించి, గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడుకు అతను ఆగాడు. మొదటి మూల మీద మనిషి ఉంటే ఎక్కడ నిలబడతావంది. ముందుకే కదా వస్తావంది. ఆరేళ్లుగా నీ పక్కన పడుకుంటున్నాను, నాకు తెలీదా అంది.

"నేను బ్యాటుతో కొట్టలేను, హనోరా," అన్నాడు చివరికి. "పరిగెత్తడంలో జట్టులో నేనే ఆఖరివాణ్ణి. నాకు వచ్చింది ఒక్కటే, కదలకుండా నిలబడటం. అది కూడా చెయ్యలేనంటే ఇక నేనెవణ్ణి?"

ఆమె బల్ల ముందు కూర్చుంది. దుంప తోలు వలిచింది. వలిచిన దుంపను చిన్న ముక్కలు చేసింది. పళ్లెం అతని ముందుకు జరిపింది.

"సోమవారం డాక్టరు నాతో ఇంకో మాట చెప్పాడు. నీతో చెప్పొద్దనుకున్నాను. చీము మణికట్టు వైపు పాకుతోందట. దానిమీద ఇంకొక్క దెబ్బ పడితే వేలు తీస్తే సరిపోదట. చెయ్యి తీసెయ్యాలట."

మలాకీ పళ్లెం తోసేశాడు.

"సోమవారం నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"నా చెయ్యి గురించి నాకు చెప్పకుండా ఎలా దాచావు?"

"నువ్వు దాచినట్టే దాచాను."

ముసలాయన లేచి వాళ్లిద్దరి మధ్యనుంచి కుంటుకుంటూ వెళ్లి కిటికీ వేశాడు. వాళ్లవైపు చూడలేదు.

ఎవరో తలుపు కొట్టారు. స్ట్రౌడ్ మళ్లీ వచ్చాడనుకుని హనోరా విసురుగా తీసింది. లూథర్ బెయిన్ నిలబడి ఉన్నాడు. మా బంతి విసిరేవాడు, మా జట్టు కెప్టెన్ కూడా. చేతిలో పాత పత్రికలో చుట్టిన పొట్లం, అడుగున రక్తం ఊరి తడిసిపోయింది.

"పచ్చి మాంసం," అన్నాడు. "శనివారానికి. మందంగా కోయించాను, రెండు ముక్కలు. చేతి తొడుగులో ఒకదానిమీద ఒకటి వేస్తే అంత తగలదు."

హనోరా పొట్లం అందుకుంది. పొయ్యి పక్కన పెట్టింది. ఇవాళ రాత్రికి కూరొచ్చిందిలే మామయ్యా అంది. ముసలాయన నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు.

"కూర్చో లూథర్," అంది. "ఒక సంగతి చెప్పు. నాలుగో ఇన్నింగ్సులో మా ఆయన బంతి తిరిగి నీకు విసిరాడు కదా. దానిమీద రక్తం చూశావా?"

బెయిన్ కూర్చోలేదు. మలాకీకేసి చూశాడు. మలాకీ చూపు తిప్పుకున్నాడు.

"చూశాను."

"చూసి?"

"ప్యాంటుకు తుడిచాను. మళ్లీ విసిరాను."

"మార్చమని అడగాల్సింది ఎవరు? రూలు ప్రకారం."

"కెప్టెన్."

"కెప్టెన్ ఎవరు?"

అతను పొయ్యి పక్కనున్న పొట్లం వైపు చూశాడు. అందరికీ తెలిసిన జవాబు. ఇన్నాళ్లూ వీధిలో ప్రతివాడూ, మలాకీయే ఒప్పుకోలేదు కదా, వాడిదే మొండితనం కదా అంటున్నాడు. నేనూ అన్నాను. క్యాచర్ తనకు దెబ్బ లేదంటే లేదు అన్నది మా అలవాటు. కానీ రూలు పుస్తకంలో క్యాచర్ మాట అడగమని ఎక్కడా లేదు. కెప్టెన్ అడగాలి అని ఉంది. ఇంతమంది ఆటగాళ్లలో ఒక్కడూ అది చదవలేదు. చదివింది ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే మనిషి.

"నా బంతి ఇంకెవడూ పట్టలేడు," అన్నాడు బెయిన్, గొణుగుతున్నట్టు. "వాడు బయటికి పోతే నేను మెల్లగా విసరాలి. మెల్లగా విసిరితే చితక్కొడతారు. నన్నెందుకు ఉంచుకుంటారు అప్పుడు?"

అతను టోపీ సర్దుకోబోయాడు. కుడిచెయ్యి భుజం దాకా లేచి అక్కడే ఆగిపోయింది. కిందికి దించి ఎడమచేత్తో సర్దుకున్నాడు. ఆ వంటింట్లో అది చూడనివాళ్లు లేరు.

"అది ఎప్పట్నుంచి?" అన్నాడు మలాకీ.

"ఏది?"

"లూథర్."

"జూన్ నుంచి," అన్నాడు బెయిన్. "పొద్దున దువ్వెన పట్టుకోలేను. నాలుగైదు బంతులు వేశాక వేడెక్కుతుంది, అప్పుడు పర్లేదు. ఎవరికీ చెప్పకండి."

"ఎవరికీ చెప్పకండి," అని హనోరా అతని మాటే తిరిగి అంది. గొంతు మొదటిసారి లేచింది, గోడవతల వినపడితే వినపడనీ అన్నట్టు. "ఈయన వేలు దాచాడు. నువ్వు భుజం దాచావు. మామయ్య కాలు దాచాడు. మీరందరూ కలిసి ఆ స్ట్రౌడ్ పుస్తకాన్ని ఎంత శుభ్రంగా ఉంచారో చూశావా? ఒక్క చుక్క రక్తం లేదు దాంట్లో. పోయిన చలికాలం మా దగ్గర ఒకమ్మాయి చేతిమీద ఇస్త్రీపెట్టె పడితే ఏం చేశామో తెలుసా నీకు? మేస్త్రీ వచ్చి ఏం కాలేదు, పని చెయ్యమన్నాడు. ముప్పైమందిమి పెట్టెలు దించేశాం. చేతులు కట్టుకుని నిలబడ్డాం. కాలింది అని వాడు రాసేదాకా ఒక్క కాలరు కదల్లేదు. గంటన్నర పట్టింది. రాశాడు."

"మీరు ముప్పైమంది," అన్నాడు బెయిన్.

"మీరు తొమ్మిదిమంది. బఫెలోవాళ్లతో ఆడటానికి వాళ్లకు తొమ్మిదిమందీ కావాలి. మా లాండ్రీలోలాగా వీధిలోంచి ఇంకొకరిని పిలిచి పెట్టుకోలేరు."

దూరంగా లాండ్రీ గంట మోగింది. భోజనాల సమయం అయిపోయింది. హనోరా కదల్లేదు. ఆలస్యంగా వెళ్తే గేటు మూసేస్తారు. ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

బెయిన్ గుమ్మం వైపు అడుగేశాడు. మిగతా ఏడుగురితో మాట్లాడాలి అన్నాడు. స్ట్రౌడ్ ఏమంటాడో చూడాలి అన్నాడు. తనకూ ఇల్లుంది, పెళ్లాం కడుపుతో ఉంది అన్నాడు. అవన్నీ నిజమే. స్ట్రౌడ్‌లాంటివాళ్లు బతికేది మన నిజాల మీదే.

మలాకీ లేచి అతనికి అడ్డంగా నిలబడ్డాడు. ఎడమచేత్తో, పళ్లతో కట్టు ముడి విప్పాడు. బద్దలు కింద పడ్డాయి. ముసలాయన మొహం తిప్పుకోబోయి, తిప్పుకోలేదు. నల్లబడి ఉబ్బిన ఆ చేతిని మలాకీ బెయిన్ కళ్లముందు పెట్టాడు. వెనక్కి తీసుకోలేదు.

"కెప్టెన్, నాకు దెబ్బ తగిలింది. నాలుగో ఇన్నింగ్సులో తగిలింది. నువ్వు చూశావు. రేపు పొద్దున తొమ్మిది మందినీ క్లబ్బు ఆఫీసుకు తీసుకురా. పుస్తకం తెరిపించి, నీ చేత్తో అక్కడ దెబ్బ అని రాసి, కింద నీ పేరు పెట్టు. నీ భుజం కూడా రాయించు. రాయనివ్వకపోతే శనివారం ఎవడూ మైదానంలో అడుగు పెట్టకూడదు. ఏడుగురి మాట తర్వాత. నువ్వు రాస్తావా రాయవా, ముందు అది చెప్పి ఈ గుమ్మం దాటు."